ముసలి పిల్లికి పచ్చి చేప పెట్టవచ్చునా?

పెన్నా డెల్టాలో వడ్లు నిలువచేయు ఇండ్లలోను, సముద్రపు ఒడ్డున వలలు ఆరవేయు పాలెములలోను పిల్లి లేని ఇల్లు అరుదు. దానిని ఎవరును వెల పెట్టి కొనరు. అది తానే వచ్చి గాదె క్రింద చేరును, అక్కడనే పిల్లలను పెట్టును, ఇంటివారు వేసినది తిని మిగిలినది ఎలుకల వలన సంపాదించుకొనును. ఎద్దు ముసలిదైనచో దాని మేత గూర్చి ఆలోచింతుము. ఆవు ఒట్టిపోయినచో తవుడు ఎంత పెట్టవలెనో లెక్క చూతుము. పిల్లి ముసలిదైనదని గుర్తించు రైతులే తక్కువ.

ఎలుకలను అరికట్టుట వ్యవసాయ శాఖ పని, పిల్లి మేత మాకెందుకని ఊరకుండవచ్చును. కాని మందు పెట్టి ఎలుకలను చంపుటకును, పిల్లిని పోషించుటకును ఉన్న సంబంధము గ్రామములలో తిరుగువారికి బాగుగా తెలియును. పది సంవత్సరములు గాదెను కాచిన పిల్లి చివరి మూడు నాలుగు సంవత్సరములు చిక్కి శల్యమై, కండ్లు కానక, మెడ వ్రేలవేసి తిరుగుట చూచి, “వయసు మళ్ళినది, అంతే” అని సరిపెట్టుకొనుచున్నాము. వానిలో చాలవరకు వయసు వలన వచ్చినవి కావు, తిండి వలన వచ్చినవి.

ఏ పిల్లి ముసలిది?

పది సంవత్సరములు దాటిన పిల్లిని ముసలిదిగా ఎంచవలెను. మనిషి లెక్కన పదేండ్ల పిల్లి యేబది దాటినట్లు, పదునైదేండ్ల పిల్లి డెబ్బదియైదు దాటినట్లు. పుట్టిన సంవత్సరము తెలియనప్పుడు గుర్తులను చూడవలెను. నోరు తెరచి చూచిన పండ్లు పసుపుబారి, కొన్ని ఊడి ఉండును. వెన్ను నిమిరిన ఎముకలు చేతికి తగులును. ఒడలు నాకి శుభ్రము చేసికొనుట తగ్గుటచే బొచ్చు ఉండలు కట్టును. అన్నిటికంటె సులభమైన గుర్తు ఒకటి కలదు. ఒక్క గంతులో గాదెమీదికి ఎక్కు పిల్లి ఇప్పుడు ముందు బస్తామీదికి, అటు తరువాత గాదెమీదికి ఎక్కుచున్నచో, దాని వేట రోజులు అయిపోయినవని తెలిసికొనవలెను.

ఎలుకలో ఏమున్నది?

పిల్లి పుట్టుకచేత మాంసాహారి. కుక్క అన్నము తిని బ్రతుకగలదు, పిల్లి బ్రతుకలేదు. ఆకుకూరలలోని పచ్చని పదార్థమును విటమిన్ ‘ఏ’గా మార్చుకొను శక్తి మనకు కలదు, పిల్లికి లేదు. దానికి తయారైన విటమిన్ ‘ఏ’నే కావలెను, అది కాలేయములో దొరకును. టారిన్ అను మరియొక పదార్థము కలదు. ఇది మాంసములో, చేపలో, ముఖ్యముగా గుండెకాయలో ఉండును. వరిలో, పప్పులో, కూరగాయలలో ఉండదు. పిల్లి శరీరము దీనిని చాలినంత తయారుచేసికొనజాలదు.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు కూడ ఆలస్యముగానే తెలిసినది. పాలలోని కేసీన్ అను మాంసకృత్తునే ప్రధానాహారముగా ఇచ్చిన పిల్లులకు కంటిపొర క్షీణించి చూపు పోవుచున్నదని, టారిన్ లోపమే దానికి కారణమని 1975లో అమెరికాలో కనుగొనిరి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు అదే లోపముచే పిల్లి గుండె కండరము వదులై ఉబ్బుననియు, టారిన్ ఇచ్చినచో తిరిగి కోలుకొనుననియు చూపిరి. అంతవరకు డబ్బాలలో అమ్మిన మేత తిన్న పిల్లులు కూడ ఈ జబ్బుతో చనిపోవుచుండెడివి.

మరి మన పల్లెలో పెరుగన్నము తిన్న పిల్లి పది సంవత్సరములు ఎట్లు బ్రతికినది? ఎలుక వలననే. ఎలుకలో మాంసము, గుండె, కాలేయము, ఎముక, రక్తము, పొట్టలోని కొద్దిపాటి గింజ, నూటికి డెబ్బది పాళ్ళ వరకు నీరు, అన్నియు పిల్లికి తగిన పాళ్ళలో ఉన్నవి. చిన్న చుంచెలుకలో సుమారు 30 కేలరీల శక్తి ఉండును. పూర్తిగా వేటమీదనే బ్రతుకు పిల్లికి రోజునకు ఏడెనిమిది చుంచెలుకలు కావలెను. మన పిల్లులు అన్ని పట్టవు, ఇంటి తిండి కలిసివచ్చుటచే రెండో మూడో చాలును. ఆ రెండు మూడు ఎలుకలే మనము పెట్టు తిండిలోని లోపములన్నిటిని పూడ్చుచున్నవి.

ముసలి పిల్లి విషయములో ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే. వేట ఆగిన దినమున ఈ పూడ్చుట ఆగిపోవును. అంతవరకు మనము ఏమి పెట్టినను చెల్లినది, అటుపైన మన గిన్నెలో లేనిది దానికి ఎక్కడను లేదు. పిల్లి మారలేదు, తిండి మారలేదు, అయినను జబ్బులు వచ్చుచున్నవని ఇంటివారు ఆశ్చర్యపడుదురు. మారినది ఎలుక.

పెరుగన్నము, పులుసన్నము

శాకాహారుల ఇండ్లలో పిల్లికి పాలన్నమో పెరుగన్నమో పెట్టుట వాడుక. వయసులో ఉన్న పిల్లికి ఇది చిరుతిండి వంటిది, వేట మానిన పిల్లికి ఇదే ఆహారమైనచో గ్రుడ్డితనమునకు, గుండెజబ్బునకు దారి తీయును. పెక్కు పిల్లులకు పెరిగిన తరువాత పాలలోని చక్కెర జీర్ణము కాక విరేచనములు కూడ పట్టుకొనును. అట్టి ఇండ్లవారు మాంసము పెట్టనిచో, పశువైద్యుని అడిగి టారిన్ కలిపిన సంచి మేతను కొని నీటిలో నానబెట్టి పెట్టుట తప్ప వేరు దారి లేదు.

మాంసాహారుల ఇండ్లలో చిక్కు మరియొక తీరుగా ఉన్నది. నెల్లూరు చేపల పులుసు పేరు తెలియనివారు లేరు. మరునాటి పులుసు మరింత రుచి అని ముంతలో ఉంచుకొని తిని, అడుగున మిగిలినది అన్నములో కలిపి పిల్లికి వేయుదురు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణములను పగులగొట్టును. వండినను ఆ గుణము పోదు. ఒకనాడు తిన్నంతనే చావకపోవచ్చును, రోజును కొంచెము కొంచెము తిన్న ముసలి పిల్లి నెత్తురు తగ్గి, చిగుళ్ళు తెల్లబడి నీరసించును. పులుసులోని ఉప్పు, కారము సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పుచేప ఇంకను చెడ్డది. ముసలి పిల్లి మూత్రపిండములు అంత ఉప్పును భరింపలేవు.

పచ్చి చేపలోని చిక్కు

ఇక తీరమునకు వత్తము. మైపాడు, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, తుమ్మలపెంట మొదలగు చోట్ల పడవ ఒడ్డునకు చేరగనే పిల్లులు వచ్చి కూర్చుండును. వలలో చిక్కిన కవళ్ళు, నెత్తళ్ళు, నలిగిన చిన్న చేపలు వానికి వేయుదురు. చేపలు కోయు చోట ప్రేగులు, తలలు పడవేయుదురు. పొయ్యిమీద పెట్టి పిల్లికి తినిపింపవలెనని చెప్పినప్పుడు ఒక పాలెములో పెద్దామె ఇట్లు అడిగెను: “పిల్లికి గూడా పొయ్యి రాజేసేదేంది సార్? అది పుట్టినప్పుడు దానికి వంటిల్లు ఉండిందా?”

ప్రశ్న సరియైనదే. పెద్ద పెద్ద పట్టణములలో, అమెరికా, ఐరోపా దేశములలో పచ్చి తిండియే పిల్లికి సహజమని వాదించువారు సరిగ్గా ఇదే మాట చెప్పుచున్నారు. 1932 మొదలు 1942 వరకు కాలిఫోర్నియాలో పాటెంజర్ అను వైద్యుడు వందలాది పిల్లులపై చేసిన పరీక్షలను వారు ఉదాహరింతురు. పచ్చి మాంసము తిన్న పిల్లులు ఆరోగ్యముగా ఉండెను, వండిన మాంసము తిన్నవి తరతరమునకు క్షీణించెను అని ఆయన వ్రాసెను. ఆనాటికి పిల్లికి టారిన్ అవసరమని ఎవరికిని తెలియదు. వంటలో ఆ పదార్థము కొంత నష్టమగుటయే ఆ క్షీణతకు కారణమై ఉండునని నేటి శాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము. పచ్చితనములో మహిమ ఏమియు లేదు, పోయినది తిరిగి చేర్చినచో చాలును.

అదియునుగాక, పెద్దామె మాటకు మరియొక జవాబు కలదు. పిల్లి పుట్టినప్పుడు దానికి వంటిల్లు లేదు, నిజమే. పడవ కూడ లేదు. మన పెంపుడు పిల్లి పశ్చిమాసియాలోని మెట్టప్రాంతపు అడవిపిల్లి సంతతి. అక్కడ మనుష్యులు ధాన్యము నిలువచేయుట మొదలిడినప్పుడు ఎలుకలకొరకు వచ్చి చేరినది. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనిషి ప్రక్కన పూడ్చిన పిల్లి ఎముకలను కనుగొన్నట్లు 2004లో ప్రకటించిరి. అనగా పిల్లి గాదెకు చుట్టము, సముద్రమునకు కాదు. చేప దానికి మనము అలవాటు చేసిన రుచి.

పచ్చి చేపలో మొదటి చిక్కు థయామినేజ్ అను పదార్థము. కవళ్ళ, నెత్తళ్ళ కుటుంబములలోని అనేక జాతులలోను, చెరువులలో పెంచు బంగారుతీగ చేపలోను ఇది ఉన్నది. ప్రేగులలో మరింత ఎక్కువ. ఇది థయామిన్ అనబడు విటమిన్ ‘బి1’ను విరిచివేయును. తిండిలో ఎంత ‘బి1’ ఉన్నను పిల్లికి దక్కదు. 1930 ప్రాంతములలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఛాస్టెక్ అను రైతు బొచ్చుకొరకు పెంచిన నక్కలకు పచ్చి చేప వేయగా అవి పక్షవాతము వచ్చి చనిపోయినవి. ఆ జబ్బునకు ఆ రైతు పేరే నిలిచినది. పిల్లులకు వచ్చునదియు అదే.

గుర్తులు ఇట్లుండును. కొన్ని వారములు పచ్చి చేపయే తిన్న పిల్లికి మొదట ఆకలి మందగించును. పిమ్మట నడక తూలును. తల నిలుపలేక గడ్డము రొమ్మునకు ఆనించి కూర్చుండును. కనుపాపలు పెద్దవై వెలుతురులో కూడ చిన్నవి కావు. చివరకు మూర్ఛలు వచ్చును. ఈ దశకు రాకమునుపే పశువైద్యశాలకు తీసికొనిపోయినచో ‘బి1’ సూదిమందుతో ఒకటి రెండు దినములలోనే తేరుకొనును. ఇంత త్వరగా గుణమిచ్చు జబ్బునకు పిల్లులు చచ్చుట విచారకరము.

థయామినేజ్ వేడికి నశించును. కాబట్టియే చేపను ఉడికింపవలెనని చెప్పుట. మంచుపెట్టెలో గడ్డకట్టించినంత మాత్రమున అది నశింపదు. ఏ చేపలో ఇది ఉన్నది, ఏ చేపలో లేదు అని బుట్టముందు నిలిచి నిర్ణయించుట మనకు సాధ్యము కాదు, అన్ని చేపలను ఉడికించుటయే మేలు.

రెండవ చిక్కు క్రొవ్వు. కవళ్ళు, కానగుర్తలు నూనె గల చేపలు. (కానగుర్త అను మన తెలుగు పేరే ఆ చేపకు శాస్త్రీయనామములో నిలిచినది. 1803లో రస్సెల్ దొర విశాఖపట్టణపు చేపలపై అచ్చువేసిన గ్రంథము నుండి ఆ పేరు పోయినది.) ఇట్టి చేపలనే దినదినము తినిపించినచో విటమిన్ ‘ఇ’ చాలక పిల్లి చర్మము క్రింది క్రొవ్వు పసుపుబారి, గట్టిపడి, వాచును. అట్టి పిల్లి తాకనీయదు, ఎత్తుకొనబోయిన అరచును, జ్వరముతో ఒకచోటనే పడియుండును. ముసలితనపు విసుగని మనము అనుకొందుము. ఈ జబ్బు ఉడికించినను తప్పదు, చేపను తగ్గించుటయే మార్గము. వారములో రెండు మూడు దినములకు మించి చేప పెట్టవలదు.

పచ్చి కోడిమాంసము వలదు

చేపకు బదులుగా కోళ్ళ అంగడినుండి ప్రేగులు, తలలు, మెడలు తెచ్చి పచ్చివి వేయు అలవాటు ఇటీవల పెరుగుచున్నది. ఇది పచ్చి చేపకంటె అపాయకరమైనది, పిల్లికే కాదు, ఇంటివారికి కూడ.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలము చాటగొట్లలోను, కోవూరు మండలము గుమ్మళ్ళదిబ్బలోను కోళ్ళు పెద్దయెత్తున చనిపోయి, పక్షిజ్వరమని తేలినది. ఏటేట శీతకాలమున నేలపట్టునకు, పులికాట్ సరస్సునకు దూరదేశముల పక్షులు వచ్చుచుండును, అడవిపక్షులు ఈ వ్యాధిని మోయగలవు. 2025 ఆరంభమున గోదావరి జిల్లాలలో తిరిగి వచ్చినది.

ఈ వ్యాధి పిల్లికి సోకునని అందరికిని తెలియదు. సోకుటయే కాదు, సోకిన పిల్లులు చాలవరకు చనిపోవును. 2023లో పోలండు దేశమున పలుచోట్ల పిల్లులు ఒక్కసారిగా చనిపోగా, పచ్చి కోడిమాంసము వలన వచ్చి ఉండునని అనుమానించిరి. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సాస్‌లో వ్యాధి సోకిన ఆవుల పచ్చిపాలు త్రాగిన పాడిక్షేత్రపు పిల్లులలో సగమునకు పైగా చనిపోయినవి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులలో ఈ వ్యాధిని గుర్తించిరి. అదే సంవత్సరము మార్చిలో మన రాష్ట్రముననే ఒక పసిబిడ్డ పక్షిజ్వరముతో మరణించినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని వార్తలు తెలిపినవి.

గడ్డకట్టించుటచే ఈ వ్యాధిబీజము చావదు, బాగుగా ఉడికించినచో చచ్చును. కావున కోడిమాంసము ఏదైనను, మెడ అయినను, కందనకాయ అయినను, లోపలివరకు ఉడికిన తరువాతనే పిల్లికి వేయవలెను. ఊరిలో కోళ్ళు వరుసగా చనిపోవుచున్నచో చచ్చిన కోడిని పిల్లి ముట్టకుండ ఇంటిలో కట్టివేసి, వెంటనే పశువైద్యశాలకు కబురు చేయవలెను. గ్రామాధికారులు ఈ విషయమున చొరవ తీసికొనుట అవసరము.

గొఱ్ఱెలున్న ఇండ్లవారికి ఇంకొక మాట. పచ్చి మాంసము, ఎలుకలు తిను పిల్లులకు టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి సోకును. మొదటిసారి సోకినప్పుడు ఒకటి మొదలు మూడు వారములపాటు పిల్లి మలములో దాని గ్రుడ్లు వెడలును. ముసలి పిల్లి సాధారణముగా ఇదివరకే ఆ దశ దాటి ఉండును, భయము ఎక్కువగా దాని పిల్లల వలననే. ఆ మలము పడిన మేత తిన్న చూడి గొఱ్ఱెలు ఈచుకపోవును. నెల్లూరు జోడిపి, పల్ల గొఱ్ఱెలకు పేరుగన్న ఈ ప్రాంతమున మందలో ఈచుకపోవుట కనబడినప్పుడు మేతకొట్టులో పిల్లి మలవిసర్జన చేయుచున్నదేమో కూడ చూడవలెను. గర్భిణులు పిల్లి మలమును ఎత్తరాదు. ఎత్తవలసినచో మరియొకరు ప్రతిదినము ఎత్తి పూడ్చవలెను, ఏలయనగా ఆ గ్రుడ్లు ఒక దినము గడచిన తరువాతనే అంటుకొను శక్తి పొందును.

వండు విధము

ఇది కష్టమైన వంట కాదు. ఇంటికి తెచ్చిన చేపలలోనుండి పిల్లి భాగమును పులుసులో వేయకముందే తీసి పెట్టుకొనవలెను. పొలుసు, ప్రేగులు తీసి కడిగి, ముక్కలు మునుగునంత నీరు మాత్రమే పోసి, ఉప్పు, కారము, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి ఏమియు వేయక మూతపెట్టి ఉడికింపవలెను. పొంగు వచ్చిన తరువాత పది నిమిషములు చాలును. చల్లారిన పిమ్మట ముళ్ళు ఏరివేయవలెను. పండ్లు లేని పిల్లికి ముల్లు గొంతులో గ్రుచ్చుకొనిన అది తిండి మానివేయును, మనకు కారణము తెలియదు.

ఉడికిన నీటిని పారబోయరాదు. ఇది ముఖ్యము. టారిన్, ‘బి’ విటమిన్లు నీటిలో కరగును, ఉడుకునప్పుడు మాంసములోనుండి నీటిలోనికి దిగును. ఆ నీరు పారబోసినవారు మంచిదంతయు పారబోసి పిప్పి పెట్టినవారగుదురు. ముక్కలను ఆ నీటిలోనే చిదిమి, గోరువెచ్చగా ఉండగా పెట్టినచో రెండు లాభములున్నవి. వాసన తగిలి, ముక్కు మందగించిన ముసలి పిల్లి కూడ ఇష్టముతో తినును. నీరు కూడ లోనికి పోవును. మెట్టనేల జంతువగుటచే పిల్లికి దాహము తక్కువ, నీటిపాత్ర ముందున్నను త్రాగదు. ఎలుకలోని నీరే దాని నీరు. ఎలుక పోయినచో ఆ నీరు కూడ పోయినదని గుర్తుంచుకొనవలెను.

మూడు కిలోల పిల్లికి రోజునకు 150 మొదలు 200 గ్రాముల చేపయో మాంసమో కావలెను. ఒక్కసారి పెట్టక మూడు నాలుగు మార్లు కొద్దికొద్దిగా పెట్టవలెను. ముసలిదగుటచే తక్కువ మాంసము చాలునను తలంపు తప్పు. వయసు పెరిగినకొలది మాంసకృత్తులను జీర్ణించుకొను శక్తి తగ్గును గనుక, మూత్రపిండముల జబ్బు లేనంతవరకు మంచి మాంసమే పెట్టవలెను. రెండు మూడు చెంచాల మెత్తని అన్నము కలిపిన తప్పులేదు, అంతకు మించిన కడుపు నిండును గాని ఒడలు నిండదు.

చేప లేని దినములలో కోడిమాంసము, కోడి గుండెకాయలు, లేదా మేక గుండెకాయ ఉడికించి పెట్టవచ్చును. గుండెకాయ చౌక, టారిన్ కూడ అందులో మెండు. ఉడికించిన కోడిగ్రుడ్డు వారమునకు రెండు మార్లు పెట్టవచ్చును. పచ్చి తెల్లసొన వలదు, అది బయోటిన్ అను విటమిన్‌ను పట్టివేయును. కాలేయము వారమునకు ఒక చెంచా, రెండు చెంచాలు చాలును. పిల్లి ఎంతో ఇష్టముగా తినుచున్నదని రోజును కాలేయమే పెట్టినచో విటమిన్ ‘ఏ’ మితిమీరి మెడఎముకలు ఒకదానికొకటి అతుకుకొని, పిల్లి తల త్రిప్పలేని స్థితికి వచ్చును.

ఎముక లేని మాంసములో భాస్వరము ఎక్కువ, సున్నము బహు తక్కువ. పిల్లి ఎలుకను ఎముకలతో నమిలినప్పుడు ఈ లోటు తీరుచుండెను. ఇప్పుడు కోడిగ్రుడ్డు పెంకులను నీటిలో మరగించి, ఎండబెట్టి, సన్నికల్లుపై మెత్తని పిండిగా నూరి, అర కిలో ఎముకలేని మాంసమునకు అర చెంచా చొప్పున కలుపవలెను. ఉడికించిన కోడి ఎముకలను వేయరాదు, అవి సూదులవలె చీలి ప్రేగులను పొడుచును.

ఇంత చేసినను ఇంటి తిండి ఎలుకకు సరిసమానము కాజాలదు. కనుక పశువైద్యుని అడిగి టారిన్, ‘బి’ విటమిన్లు, విటమిన్ ‘ఇ’ ఏ మోతాదులో ఇవ్వవలెనో తెలిసికొనవలెను. లేదా రోజులో ఒక పూట సంచి మేతను చేపనీటిలో నానబెట్టి పెట్టవలెను. పేదవారు అన్నియు చేయలేరు. వారు కనీసము రెండు పనులు చేయవలెను: పచ్చిది ఆపుట, ఉడికిన నీరు పారబోయకుండుట. వీనికి ఖర్చు లేదు.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. ఈ దినములలో సముద్రపు చేప దొరకుట తగ్గి, దొరకినను వెల హెచ్చుటచే తీరపు పిల్లులకు మిగులునది ఉప్పుచేపయే. ముందుగానే మార్చి నెలనుండి పిల్లిని కోడి గుండెకాయలకు, గ్రుడ్డునకు అలవాటు చేయవలెను. ముసలి పిల్లి క్రొత్త తిండిని ఒక్కనాటిలో అంగీకరింపదు. పాతదానిలో చిటికెడు చొప్పున కలుపుచు రెండు వారములు పట్టును. తినకున్న ఆకలికి అదే దిగివచ్చునని మాడ్చరాదు. రెండు మూడు దినములు పూర్తిగా తిండి లేని పిల్లికి, ముఖ్యముగా బలిసిన పిల్లికి, కాలేయమునకు క్రొవ్వు పట్టి ప్రాణము మీదికి వచ్చును.

ఎలుకల మందు పెట్టునప్పుడు

ముసలి పిల్లి పట్టగల ఎలుక ఏది? పరుగెత్తలేని ఎలుక. మందు తిన్న ఎలుకయే పరుగెత్తలేదు. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావక కొన్ని దినములు నెత్తురు కారుచు మందకొడిగా తిరుగును. దానిని తిన్న పిల్లికి కూడ విషము పాకును. జింకు ఫాస్ఫైడు ఎర మిగిలిన పొట్టతో ఉన్న ఎలుకయు అపాయమే. కాబట్టి మందు పెట్టిన దినమునుండి పది పదునైదు దినములవరకు పిల్లిని ఇంటిలోనే ఉంచి కడుపునిండ పెట్టవలెను. ప్రతి ఉదయము చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. పిల్లి ముక్కునుండి గాని, చిగుళ్ళనుండి గాని నెత్తురు కారినచో ఆలస్యము చేయక పశువైద్యశాలకు కొనిపోవలెను, దానికి విటమిన్ ‘కె1’ విరుగుడుగా కలదు.

పశువైద్యునికి చూపవలసిన గుర్తులు

పిల్లి ఎక్కువ నీరు త్రాగుచు, ఎక్కువ మూత్రము పోయుచు, చిక్కిపోవుచున్నచో మూత్రపిండములు చెడుచున్నవేమోనని అనుమానింపవలెను. ముసలి పిల్లులలో ఇది మిక్కిలి సాధారణమైన జబ్బు. నెత్తురు పరీక్షచే తెలియును. అట్టి పిల్లికి ఎముకలు, ముళ్ళతో నలిపిన చిన్న చేపలు, రొయ్యతలలు, కాలేయము మాన్పింపవలెను. వానిలోని భాస్వరము జబ్బును పెంచును. మాంసము ఎంత పెట్టవలెనో వైద్యుడే చెప్పవలెను. బాగుగా తినుచునే చిక్కుచున్నచో థైరాయిడ్ గ్రంథి జబ్బో, మధుమేహమో కావచ్చును. గిన్నెవద్దకు వచ్చి, వాసన చూచి, ముద్ద నోట పెట్టుకొని వదలివేయుచున్నచో అది ఆకలి లేక కాదు, పంటినొప్పి. పాడైన పన్ను తీయించినచో మరల తినును.

జ్వరమని తలచి ఇంటిలోని పారాసెటమాల్ బిళ్ళ ఎన్నడును వేయరాదు. మనకు మేలు చేయు ఆ బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపును. తీసికొనిపోవునప్పుడు గోనెసంచిలో కట్టక, మూత ఉన్న వెదురుబుట్టలో పాత గుడ్డ పరచి పెట్టినచో పిల్లి బెదరదు. గడచిన నెలరోజులలో ఏమేమి పెట్టినారో, పచ్చివా వండినవా, ఎంతెంత పెట్టినారో వైద్యునికి చెప్పవలెను. మెడ వ్రేలవేసిన పిల్లిని చూడగనే ఆయన మొదట అడుగునది అదే.